తిరుగు ఓడ ఎక్కేవి, ఎక్కనివి

చిన్న దీవులకు రీసైక్లింగ్ దండగ అని వాదించే వ్యాసం ఒకటి ఈమధ్య చదివాను. రాసిన మనిషి లెక్కలు వేసే రకం. ప్లాస్టిక్ సీసాలు ఏరినందుకు కూలి, వాటిని నొక్కి బేళ్లు కట్టే యంత్రానికి డీజిల్, ఓడ కిరాయి, అవతలి రేవులో దింపుడు ఖర్చు అన్నీ కూడాడు. అందులోంచి తుక్కు వ్యాపారి ఇచ్చే ధర తీసేసి, మిగిలిన నష్టాన్ని మన ముందు పెట్టాడు. ఇంతకంటే గొయ్యి తవ్వి పూడ్చుకోవడం చవక అని తేల్చాడు. మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు మండింది. రెండోసారి చదివాక సగం ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకోలేని మిగతా సగం గురించే ఈ రాత.

అతని కూడికల్లో తప్పేమీ లేదు. తప్పల్లా దేనితో పోల్చాడన్న దగ్గరే ఉంది. రీసైక్లింగ్ ఖర్చులను పైసాతో సహా పట్టుకున్న మనిషి గొయ్యికి మాత్రం తవ్వకం కూలి ఒక్కటే రాసుకున్నాడు. విశాలమైన భూభాగంలో ఆ లెక్క నడుస్తుంది. అక్కడ ఊరికి దూరంగా బీడు భూమి దొరుకుతుంది. వెయ్యి మంది ఉండే దీవిలో ఊరికి దూరం అంటే సముద్రమే.

గొయ్యి ఊరికే రాదు

పగడపు దీవుల సంగతి తీసుకుందాం. అక్కడ నదులుండవు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, కిందనున్న ఉప్పునీటి మీద తేలుతూ ఒక పొరగా నిలుస్తుంది. మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కాబట్టి ఈ ఏర్పాటు నిలబడుతోంది. చాలాచోట్ల ఆ పొర మందం కొన్ని మీటర్లే. బావులు తవ్వేది అందులోకే. చెత్త గొయ్యి తవ్వినా తగిలేది ఆ పొరే. కారు బ్యాటరీలోంచి కారిన సీసం, ఆమ్లం ఎక్కడికి చేరతాయో వేరే చెప్పనక్కర్లేదు.

పసిఫిక్ దేశం తువాలు రాజధాని ఫునాఫుటిలో జరిగింది గుర్తు చేసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం రన్‌వే వేసుకోవడానికి అక్కడి పగడపు నేలను తవ్వింది. యుద్ధం అయ్యాక సైన్యం వెళ్లిపోయింది, గోతులు మిగిలాయి. వాటిలోకి ఉప్పునీరు ఊరింది, దాని మీద దశాబ్దాల పాటు చెత్త చేరింది. జాగా లేని కుటుంబాలు వాటి అంచున, కొన్నిచోట్ల ఆ నీటి మీదే స్తంభాలు పాతుకొని ఇళ్లు కట్టుకున్నాయి. చివరికి 2015లో న్యూజిలాండ్ సాయంతో లగూన్ నుంచి, అంటే పగడపు దిబ్బలు చుట్టి ఉన్న సముద్రపు మడుగు నుంచి, ఇసుక తోడి పోసి ఆ గోతులను పూడ్చారు. చవక గొయ్యి అనేవారు ఆ పూడ్చిన ఖర్చును కూడా తమ పట్టికలో ఒక వరుసగా చేర్చాలి.

మాల్దీవులది మరో దారి. 1990ల మొదట్లో రాజధాని మాలె దగ్గరున్న ఒక లగూన్‌లో చెత్త పోయడం మొదలుపెట్టారు. పోసిన చెత్త పైన ఇసుక కప్పుతూ పోతే తిలఫుషి అనే దీవే లేచింది. రాజధానికి జాగా కలిసివచ్చిన మాట నిజం. దానితో పాటు ఏళ్ల తరబడి తగలబెట్టిన చెత్త పొగ కూడా వచ్చింది. తలుపు మూసుకుంటే ఆగే పొగ కాదది.

కనుక నా లెక్కలో రీసైక్లింగ్ పోటీ పడాల్సింది తుక్కు ధరతో కాదు, ఆ దీవిలో చదరపు మీటరు నేల విలువతోనూ బావి నీటి విలువతోనూ. అలా చూస్తే కొన్ని వస్తువులను నష్టానికైనా ఓడ ఎక్కించడం లాభమే. అయితే అన్నిటినీ కాదు. పెద్ద నగరాల నుంచి పట్టుకొచ్చిన రంగురంగుల చెత్త డబ్బాల పథకాలతో నాకు పేచీ వచ్చేది ఇక్కడే.

వస్తువును బట్టి మాట

అల్యూమినియంతో మొదలుపెడదాం, ఎందుకంటే అక్కడ వాదనకు చోటు లేదు. ఖనిజం నుంచి టన్ను అల్యూమినియం తీయాలంటే విద్యుద్విశ్లేషణ దశలోనే దాదాపు 14,000 యూనిట్ల కరెంటు కాలుతుంది. పాత పానీయాల డబ్బాలు కరిగిస్తే మొత్తం శక్తిలో సుమారు 95 శాతం మిగులుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు ఓడ వెయ్యి కిలోమీటర్లు మోసినా, మూడు వేలు మోసినా ఆ ఇంధనం లెక్కలోకి రాదు. పరిమాణం కూడా భయపెట్టేది కాదు. ఖాళీ డబ్బా బరువు 13 గ్రాములు అనుకుందాం. వెయ్యి మంది రోజుకొకటి చొప్పున తాగినా ఏడాదికి అయిదు టన్నుల లోపే. గట్టిగా నొక్కి కడితే రెండేళ్ల సరుకు ఒక చిన్న కంటెయినర్‌లో పడుతుంది. రెండేళ్లకు ఒక కంటెయినర్! దీనికోసం వారం వారం ఇంటింటికీ తిరిగే బండి ఎందుకు? ఒక మూల షెడ్డు, చేత్తో తిప్పే నొక్కుడు యంత్రం, వాటిని చూసుకునే మనిషి ఒకరు ఉంటే చాలు. అల్యూమినియం కుళ్లదు, పాడవదు, ఓపిగ్గా ఎదురుచూస్తుంది.

రాగి తీగలు, ఇనప సామాను, కారు బ్యాటరీలు కూడా ఈ కోవలోవే. బ్యాటరీలను వాటి ధర కోసం కాకపోయినా పంపించేయాల్సిందే, విషం కాబట్టి.

గాజు తీరు వేరు. బరువెక్కువ, ధర తక్కువ. కొత్త గాజుకు బదులు పాత పెంకులు కరిగిస్తే మిగిలే శక్తి 25 నుంచి 30 శాతం, అదీ పూర్తిగా పెంకులతోనే కొలిమి నడిపితే. దాన్ని ఓడ ఎక్కించడం ఇసుకను ఎగుమతి చేయడమే. మరోవైపు అదే దీవిలో ఇళ్లు కట్టుకోవడానికి తీరం ఇసుకను తవ్వుకుపోతుంటారు, తీరం కోసుకుపోతోందని తర్వాత బాధపడుతుంటారు. సీసాలను పొడి చేసి పైపుల కందకాల్లో, ఇంకుడు గుంతల్లో, దారుల కింద పరుపుగా వాడితే ఆ మేరకు తీరం మిగులుతుంది. ఇంటి స్లాబులో మాత్రం వేయకూడదు. గాజులోని సిలికా సిమెంటులోని క్షారాలతో కలిసి ఉబ్బి, ఏళ్ల తర్వాత కాంక్రీటును పగలగొడుతుంది. ఈ జాగ్రత్త ఒక్కటీ తీసుకుంటే గాజుకు దీవి దాటే పని లేదు.

తమాషా ఏమిటంటే, ఇంత చక్కని పనిని చాలా పట్టికలు రీసైక్లింగ్‌గా లెక్కించవు. ఐరోపా సమాఖ్య చట్టం గోతులు పూడ్చడానికి వాడిన దాన్ని రీసైక్లింగ్ నిర్వచనం నుంచే తప్పించింది. పెద్ద దేశాల్లో దానికి కారణముంది. లేకపోతే ప్రతి కంపెనీ తన చెత్తను గోతిలో పోసి రీసైకిల్ చేశామని చెప్పుకునేది. కానీ అదే కొలబద్దతో కొలిస్తే, గాజును నలగ్గొట్టి తీరాన్ని కాపాడుకున్న దీవి వెనుకబడినట్టూ, సీసాలను సముద్రం దాటించి నష్టపోయిన దీవి ఆదర్శం అయినట్టూ కనిపిస్తుంది. రీసైక్లింగ్ శాతాల లక్ష్యాలంటే నాకు చిరాకు అందుకే.

కుళ్లే చెత్త గురించి ఎక్కువ చెప్పను. ఆహారం, ఆకులు, కొబ్బరి డొక్కలు కలిపితే చాలా దీవుల్లో చెత్త బరువులో సగానికి అటూ ఇటూ ఉంటాయి. పగడపు ఇసుకలో సారం ఉండదు, కాబట్టి ఎరువు బంగారమే. కాగితం, అట్టలు కూడా అందులోకే పోవాలి. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ దీవిలో శాశ్వత నివాసులు నాలుగు వందల మందికి అటూ ఇటూ. సరుకు ఓడ పదిహేను రోజులకోసారి వస్తుంది. వాళ్లు తిండి వ్యర్థాలను అక్కడే ఎరువు చేసుకొని, కుళ్లనివాటిని ప్రధాన భూభాగానికి పంపుతున్నారు. అంతకంటే తెలివైన విభజన నాకు తోచదు.

బేళ్ల గోడ

ఇక ప్లాస్టిక్ సీసాలు. ఒక చిన్న దీవిలో కొన్నాళ్లు గడిపినప్పుడు అక్కడి రేవులో చూసింది చెబుతాను. డీజిల్ పీపాల వెనక నొక్కి కట్టిన సీసాల బేళ్లు నిలువెత్తు గోడలా పేర్చి ఉన్నాయి. లేబుళ్ల మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. బేళ్లకు బిగించిన ఇనప పట్టీలు ఉప్పుగాలికి తుప్పు పట్టి కొన్ని తెగాయి, తెగినచోట బేలు ఉబ్బి సీసాలు ఒక్కొక్కటే జారిపడుతున్నాయి. ఒక మూత తీసి గోటితో నొక్కితే పొడిపొడిగా రాలింది. కొనేవాళ్లు దొరికితే పంపాలని దాచారట. ఎప్పటి నుంచో తెలిసినవాళ్లు అక్కడ లేరు. అదే రేవులో పాత బ్యాటరీల కోసం పెట్టిన చెక్క పెట్టె మాత్రం ఖాళీగా ఉంది. కాపలా మనిషిని అడిగితే నవ్వాడు. అవి నిలవ ఉండవు, ఓడవాళ్లే అడిగి పట్టుకెళ్తారని చెప్పాడు.

ఏది సరుకో, ఏది చెత్తో ఆ రెండింటిని చూస్తే తెలిసిపోయింది. సీసాలు ఏరడం, కడగడం, నొక్కడం అన్నీ శ్రద్ధగానే చేశారు. కొనేవాడు లేకుండా చేశారు, అంతే. ఆ గోడ మెల్లగా పొడిగా మారి లగూన్‌లోకి పోతోంది. పూడ్చిపెట్టినా ఇంత హాని ఉండేది కాదేమో.

2018లో చైనా తుక్కు దిగుమతులపై కఠిన నిబంధనలు పెట్టింది. చాలా రకాల ప్లాస్టిక్‌ను నిషేధించి, మిగతా సరుకులో మలినం అర శాతం మించకూడదంది. పెద్ద నగరాల యంత్రాలకే సాధ్యం కాని శుభ్రత అది. ఇసుక, ఉప్పు, ఎండ తిన్న దీవి సీసాలకు ఆ గీత అందుతుందా? 2021 నుంచి, ప్రమాదకర వ్యర్థాలు దేశాలు దాటడాన్ని అదుపు చేసే బాసెల్ ఒప్పందం సవరణలు కూడా అమల్లోకి వచ్చి, శుభ్రంగా వేరు చేయని ప్లాస్టిక్‌ను మరో దేశానికి పంపాలంటే ఆ దేశం ముందస్తు సమ్మతి ఉండాల్సి వచ్చింది. నియమం మంచిదే, పేద దేశాలు కుప్పతొట్లు కాకుండా ఆపడానికి తెచ్చారు. కానీ పెద్ద ఎగుమతిదారు గుమాస్తా ఒక పూటలో నింపే కాగితాలు, పరిపాలనా సిబ్బంది పట్టుమని పదిమంది లేని దీవికి నెలల పని.

కాబట్టి చిన్న దీవి ప్లాస్టిక్‌ను రీసైకిల్ చేయడం మీద కాక, దిగనివ్వకపోవడం మీద శక్తి పెట్టాలని నా అభిప్రాయం. పసిఫిక్ దేశం వనువాటు 2018లో ఒకసారి వాడి పారేసే సంచులను, స్ట్రాలను, థర్మకోల్ డబ్బాలను నిషేధించింది. తాగునీరు నింపుకునే కేంద్రాలు పెడితే సీసాల కుప్పలో పెద్ద భాగం రేవులోనే ఆగిపోతుంది. అప్పటికీ దిగినవాటిలో శుభ్రమైన సీసాలు కొన్ని ఓడ ఎక్కితే సంతోషం. ఎక్కనివాటిని పొరలు పొరలుగా, అడుగున పరుపు వేసి, ఒక గుర్తు పెట్టుకున్న చోట పూడ్చడం నాకు తప్పుగా తోచదు. పూడ్చామని బాహాటంగా ఒప్పుకోవాలి, అంతే.

అలవాటు సంగతి

ఈ మాట దీవి బడిలో పాఠాలు చెప్పి వచ్చిన ఒక స్నేహితురాలితో అంటే ఆమె మండిపడింది. "కొనేవాడు ఉన్నప్పుడే వేరు చేయమంటే పిల్లలకు ఏమి నేర్పినట్టు? రేపు కొనేవాడు దొరికితే అప్పుడు అలవాటు ఎక్కడి నుంచి తెస్తారు?" అంది. సులువుగా కొట్టిపారేయగల వాదన కాదిది. మనుషుల చేతికి ఒక పని అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది, పోవడానికి ఒక సెలవుల కాలం చాలు. గాజు, లోహం, కుళ్లేది, మిగతాది అని నాలుగు కుప్పలు చేసే అలవాటు నిలవాలన్నది నేనూ ఒప్పుకుంటాను.

నా అభ్యంతరం ఒక్కటే. పిల్లలు వేరు చేసిన సీసాలు రేవులో పొడి అవుతుంటే ఆ పిల్లలు చూస్తూనే ఉంటారు. నగరంలో చెత్త బండి మలుపు తిరిగాక అది ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. దీవిలో దాపరికం కుదరదు. రెండేళ్ల పాటు శ్రద్ధగా కడిగి ఇచ్చిన సీసా ఎక్కడికీ పోలేదని తెలిసిన పిల్లవాడు, తర్వాత బ్యాటరీని వేరు చేయమన్నా నవ్వుతాడు. ఆమె దీనికి ఒప్పుకోలేదు. పిల్లలు అంత లెక్కలు వేయరంది. ఈ ఒక్క విషయంలో మా వాదన తెగలేదు. ఆమె పిల్లలతో గడిపిన మనిషి కాబట్టి నాకు కొంచెం అనుమానం మిగిలే ఉంది.

డబ్బు దిగుమతి రోజే తీసుకోవాలి

దీవికి ఒక వెసులుబాటు ఉంది, అది ఏ నగరానికీ లేదు. లోపలికి వచ్చేదంతా ఒక్క రేవు మీదుగా వస్తుంది. డబ్బా ఖాళీ అయ్యాక దాని వెంట పడేకంటే నిండుగా దిగేటప్పుడే దాని తిరుగు ప్రయాణానికి డబ్బు పట్టుకోవడం సులువు.

పసిఫిక్ దేశం కిరిబాటి ఈ పని 2004లో చేసిన చట్టంతో మొదలుపెట్టింది. దిగుమతి అయ్యే ప్రతి డబ్బాకూ, ప్లాస్టిక్ సీసాకూ 5 సెంట్లు కట్టాలి. ఖాళీది తెచ్చి ఇచ్చినవారికి 4 సెంట్లు వెనక్కి వస్తాయి. మిగిలిన ఒక సెంటుతో నొక్కడం, ఓడ ఎక్కించడం నడవాలి. కారు బ్యాటరీలకు ఇంకా పెద్ద డిపాజిట్ పెట్టారు. మరో పసిఫిక్ దేశం పలావులో 10 సెంట్లు తీసుకొని 5 సెంట్లు తిరిగిస్తారు. మిగిలిన సగంలోంచి నిర్వహణ జరుగుతుంది. అంతకుముందు దారుల పక్కన పడి ఉన్న డబ్బాలకు ఒక్కసారిగా యజమానులు పుట్టుకొచ్చారు. ఇక్కడ సుగుణం ఏమిటంటే తుక్కు ధర పడిపోయినా ఏర్పాటు కూలదు. ఓడ కిరాయి ముందే చేతిలో ఉంది.

అభ్యంతరాలు లేకపోలేదు. డిపాజిట్ అంటే సరుకు ధర పెరగడమే, దీవుల్లో ధరలు అసలే ఎక్కువ. ఇది నిజమే, కానీ ఖాళీ తెచ్చిన పేదవాడికి డబ్బు తిరిగి వస్తుంది, తేనివాడి వంతు కూడా ఏరినవాడికి చేరుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. అలా పోగైన నిధి కొన్నేళ్లకు చూడముచ్చటగా పెరుగుతుంది. బడ్జెట్‌లో చిల్లు పడిన సంవత్సరం ఖజానా కన్ను దాని మీద పడుతుంది. తిరిగి ఇవ్వని డిపాజిట్ల సొమ్మును ఒకసారి వేరే పనికి మళ్లిస్తే, మరుసటి ఏడాది కంటెయినర్ కిరాయికి డబ్బుండదు, బేళ్ల గోడ మళ్లీ లేస్తుంది. చట్టంలోనే ఆ నిధికి ప్రత్యేక ఖాతా, ప్రత్యేక సంతకం పెట్టడం తప్ప దీనికి మందు లేదు.

ఓడల విషయంలో ఒక అనుకూలత ఉంది, దాన్ని ఆ వ్యాసకర్త పట్టించుకోలేదు. దీవులకు ఓడలు నిండుగా వచ్చి ఖాళీ కంటెయినర్లతో వెళ్తాయి. ఆ ఖాళీని ఎవరో ఒకరు ఎలాగూ మోయాలి. 2018లో పసిఫిక్ దీవుల ప్రాంతీయ పర్యావరణ సంస్థ, ఒక నౌకా సంస్థ కలిసి మోఆనా టాకా అనే ఒప్పందం చేసుకున్నాయి. అర్హమైన దీవుల రేవుల నుంచి రీసైకిల్ చేయదగిన సరుకును ఖాళీ కంటెయినర్లలో కిరాయి లేకుండా తీసుకెళ్లడం దాని సారాంశం. వినడానికి బాగుంది, నిజంగా బాగుంది కూడా. కానీ ఆ పెద్ద ఓడలు ఆగేది పెద్ద రేవుల్లో. బయటి దీవి నుంచి ఆ రేవు దాకా చిన్న పడవలో తేవాల్సిన దూరానికి ఎవరూ ఉచితం అనరు. పైగా సరుకులో చీమలు, మట్టి ఉంటే దిగుమతి చేసుకునే దేశం క్వారంటైన్‌లో ఆపేస్తుంది. నిలవ రుసుము రోజురోజుకూ పెరుగుతుంది. ఉచిత ప్రయాణం ఖరీదైపోవడానికి ఒక్క చీమల పుట్ట చాలు.

మన చెత్త ఇంకొకరి నెత్తిన?

దీవి దాటించడం అంటే మరొకరి మీదికి నెట్టడమే కదా అని అడిగేవారున్నారు. ఇంగ్లిష్ చానెల్‌లోని గెర్న్‌సే దీవి మిగులు చెత్తను స్వీడన్‌కు పంపుతోంది, అక్కడ కాల్చి కరెంటు, వేడి తీస్తారు. అరవై వేల పైచిలుకు జనాభా, డబ్బు ఉన్న దీవి కాబట్టి అది చేయగలిగింది. స్వీడన్‌లో కొలిమి ఎలాగూ నడుస్తోంది, దానికి సరుకు కావాలి. ఇష్టపడి, తగిన యంత్రాలతో తీసుకునేవారికి పంపడం వేరు, కాదనలేని పేద రేవులో దింపేసి రావడం వేరు. బెర్ముడాలాంటి కొంత పెద్ద దీవికి సొంత కొలిమి ఉంది. వెయ్యి మంది దీవి సొంత కొలిమి పెట్టుకుందామంటే మాత్రం అది ఆకలితో అలమటిస్తుంది. మంట ఆరకుండా ఉంచేంత చెత్త వాళ్ల దగ్గర ఉండదు.

ఇక సముద్రం తెచ్చి పోసేదాని గురించి. దక్షిణ పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలో మనుషులే లేరు. 2017లో ప్రచురితమైన అధ్యయనం అక్కడి తీరాల్లో 3.8 కోట్ల ప్లాస్టిక్ ముక్కలు, 17.6 టన్నుల బరువు ఉన్నట్టు అంచనా వేసింది. మనుషులు ఉన్న దీవికి కూడా ఇలాంటి వాటా వస్తూనే ఉంటుంది. దాన్ని కూడా దీవి వాళ్ల రీసైక్లింగ్ శాతంలో కలిపి చూసి తలంటడం అన్యాయం. అక్కడ ఖర్చు సీసాలు తయారుచేసినవారి మీద పడాలి. ఎలా పడుతుందన్నది ఏ దీవి ఒంటరిగా తేల్చగలిగే పని కాదు.

తేల్చగలిగేది, ఇప్పుడే తేల్చాల్సింది ఇంకొకటి ఉంది. డీజిల్ జనరేటర్ల బదులు సౌర ఫలకాలు, లిథియం బ్యాటరీలు ఓడల్లో దిగుతున్నాయి. మంచి మార్పే. ఫలకాలు ఇరవై పాతికేళ్లు ఆగుతాయి. ఉప్పుగాలిలో బ్యాటరీలు అంతకంటే చాలా ముందే మూలన పడతాయి. దెబ్బతిన్న లిథియం బ్యాటరీని ఎక్కించుకోవడానికి ఓడవాళ్లు జంకుతారు, నడిసముద్రంలో అంటుకుంటే ఆర్పడం కష్టం కాబట్టి. సీసం బ్యాటరీలను అడిగి పట్టుకెళ్లినట్టు వీటిని ఎవరూ పట్టుకెళ్లరు. మంటకు తట్టుకునే పెట్టెకు, ప్రత్యేక అనుమతికి, తిరుగు కిరాయికి ఎంతవుతుందో లెక్కగట్టి, ఆ మొత్తాన్ని సాయం చేసే దేశమో సంస్థో ఆ బ్యాటరీలతో పాటే రేవులో జమ చేయాలని దీవులు ఇప్పుడే పట్టుబట్టాలి. రిబ్బను కత్తిరించే రోజున దాతలు కాదనలేరు. ఆ రోజు దాటాక అడిగితే ఫోను ఎత్తరు.